పరీక్షార్థియు ఆంగ్ల పదసంపదయు

బెంగళూరు నగరమున మారతహళ్ళి మొదలు జయనగరము వరకు ఏ పెద్ద వీథిని నడచినను జీ.ఆర్.ఈ., టోఫెల్, ఐఎల్ట్స్ అను పరీక్షల పేర్లు వ్రాసిన పలకలు కనబడుచునే యుండును. ఆ పలకల వెనుకనున్న గదులలో కూర్చుండి ఆంగ్లపదములను వల్లించుచున్న యువకులలో తెలుగువారు తక్కువ కారు. రాయలసీమనుండియు కోస్తానుండియు తెలంగాణమునుండియు ఉద్యోగార్థమై వచ్చి పీజీలని పిలువబడు వసతిగృహములలో నివసించువారు కొందరు, తరతరములుగా ఈ నగరమునందే స్థిరపడి ఇంట తెలుగును వీథిని కన్నడమును పాఠశాలలో ఆంగ్లమును వాడుచు పెరిగినవారు మరికొందరు. 2023–24 విద్యాసంవత్సరమున అమెరికా సంయుక్తరాష్ట్రములలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది యనియు, ఆ యేడు మనవారు చీనా విద్యార్థులను సంఖ్యలో మించిరనియు అచ్చటి వార్షిక గణనము తెలుపుచున్నది. ఇంతమంది ఇంత శ్రమపడి సంపాదింపగోరుచున్న ఆ ఉన్నత పదజాలము ఏది, దానిని పరీక్షలు ఏ విధముగా కొలుచుచున్నవి, నేర్పు పద్ధతులలో ఏవి నిలిచినవి, తెలుగు మాతృభాషగా గలవానికి ఇందు ప్రత్యేకమైన లోటును లాభమును కలవా యను ప్రశ్నలను ఒక్కచోట జేర్చి పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

విద్యార్థి యేమి నేర్చుననునది పరీక్ష యేమి యడుగుననుదానిని బట్టియే యుండును గనుక ముందు పరీక్షల చరిత్రమును చూడవలెను. ఆంగ్లము మాతృభాష కానివారికొరకు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ప్రొఫిషియెన్సీ యను పరీక్షను 1913 లో నెలకొల్పినప్పుడు దానికి కూర్చున్నవారు ముగ్గురు. ఉత్తీర్ణులైనవారు ఒక్కరును లేరు. పండ్రెండు గంటలపాటు సాగిన ఆ పరీక్షలో ఆంగ్లమునుండి ఫ్రెంచి లేక జర్మను భాషలోనికిని, ఆ భాషనుండి మరల ఆంగ్లములోనికిని అనువాదము చేయవలసి యుండెను. వ్యాసరచనయు, వ్యాకరణమును, ధ్వనిశాస్త్రమును, సాహిత్యమును దానికి తోడు. రెండు భాషల నడుమ అర్థము చెడకుండ రాకపోకలు సలుపగలవానికే ఉన్నత భాషాజ్ఞానము కలదని ఆ పరీక్షకుల యభిప్రాయము కాబోలు. నూరేండ్లు గడచిన పిమ్మట తిరిగి చూచినప్పుడు, ఆ కాఠిన్యమును మెచ్చుకొనలేకపోయినను ఆ అభిప్రాయమును కాదనలేకున్నాను.

పదమును ఒంటిగా నిలిపి కొలుచు పద్ధతి అట్లాంటిక్ సముద్రమున కావలి యొడ్డున ప్రబలమైనది. 1926 లో మొదలైన శాట్ పరీక్షయు, దాని తరువాత వచ్చిన జీ.ఆర్.ఈ.యు అసంఖ్యాకులైన విద్యార్థులను స్వల్పకాలములో తూచవలసి వచ్చుటచేత, ఒక పదమిచ్చి దాని వ్యతిరేకపదమును గుర్తింపుమనుట, రెండు పదముల నడిమి సంబంధమును చూపి అట్టి సంబంధమే గల వేరొక జంటను ఎన్నుకొనుమనుట అను ప్రశ్నలను చిరకాలము పోషించినవి. ఇట్టి ప్రశ్నలకు వాక్యజ్ఞానముతో పని లేదు, పట్టిక చాలును. కావుననే 3,500 పదములతో గూడిన బారన్స్ వారి పట్టిక మనదేశమున ఒక తరమువారికి పారాయణగ్రంథమైనది. అయితే శాట్ 1994 లో వ్యతిరేకపదములను, 2005 లో సాదృశ్యములను విడిచిపెట్టెను. జీ.ఆర్.ఈ. 2011 ఆగస్టులో రెంటిని ఒక్కమారుగా త్యజించి, వాక్యములలోని ఖాళీలను పూరించుట, ఒకే ఖాళీకి తగి ఒకే అర్థమునిచ్చు రెండు పదములను ఎన్నుట, ఖండికలను చదివి గ్రహించుట అను మూడింటిని మాత్రము నిలుపుకొనెను. 2023 సెప్టెంబరులో ఆ పరీక్ష రెండు గంటల లోపునకు కుదింపబడినను పదజ్ఞానమును గూర్చిన ప్రశ్నల స్వభావము మారలేదు. ఇక 1989 లో మొదలైన ఐఎల్ట్స్ మరింత ముందునకు సాగి, రచనయందును సంభాషణయందును నాలుగవ వంతు విలువను పదసంపదకే కేటాయించి, ఆ పదములను విద్యార్థి తానే ప్రయోగించి చూపవలెనని శాసించుచున్నది.

పరీక్ష మారినది; పఠనము మాత్రము మారలేదు. అవెన్యూ రోడ్డున పాతపుస్తకములమ్ము అంగళ్ళలో 2011 నకు పూర్వపు పదపట్టికలు ఇంకను కనబడుచునే యున్నవి, వానిని కొనువారును కనబడుచునే యున్నారు. అంచులు నలిగిన ఆ పుటలలో మునుపటి యజమాని పెన్సిలుతో పెట్టిన గుర్తులు మొదటి రెండక్షరముల పదములవరకు దట్టముగా నుండి, క్రమముగా పలుచబడి, మధ్యకు వచ్చుసరికి మాయమగుట ఎవరైనను గమనింపవచ్చును. అకారాదిక్రమము నిఘంటువునకు సౌకర్యమే గాని అభ్యాసమునకు శత్రువు: అర్థముతో సంబంధము లేక, ఆకారమున మాత్రము దగ్గరగా నున్న పదములను ఒకదాని ప్రక్క నొకటి నిలుపుటచేత అవి బుద్ధిలో ఒకదానితో నొకటి కలిసిపోవును.

ఎన్ని పదములు కావలెనను ప్రశ్నకు శాస్త్రీయముగా సమాధానము వెదకినవారిలో ప్రముఖుడైన మైకేల్ వెస్ట్ మన ఉపఖండపు తరగతిగదులలో పనిచేసినవాడగుట గమనింపదగిన విషయము. ఢాకాలో విద్యాశాఖోద్యోగిగా నుండి, బెంగాలీ బాలుర ఆంగ్లపఠనమును పరిశీలించి, పాఠములలో అపూర్వపదములు క్రిక్కిరిసి యుండుటయే వారికి పెద్ద యవరోధమని ఆయన గ్రహించెను. ఆ దృష్టితోనే చిరకాలము కృషి చేసి, సుమారు 2,000 మూలపదములతో గూడిన సామాన్యపదముల పట్టికను 1953 లో వెలువరించెను. 2000 సంవత్సరమున న్యూజీలండునందు ఆవెరిల్ కాక్స్‌హెడ్ అను విదుషీమణి విద్యావిషయక గ్రంథములనుండి 35 లక్షల పదముల పాఠ్యమును సేకరించి, వెస్టు పట్టికలో లేనివై, అన్ని శాస్త్రములయందును మాటిమాటికి వచ్చు 570 పదకుటుంబములను వేరుచేసినది. అట్టి గ్రంథములలో వెస్టు పదములు నూటికి సుమారు 76 వంతులను, ఈ 570 కుటుంబములు సుమారు 10 వంతులను ఆక్రమించుచున్నవని ఆమె లెక్క. ఆ దేశమువాడే యగు పాల్ నేషన్, వార్తాపత్రికలను నవలలను పరసహాయము లేక చదువుటకు నూటికి 98 పదములు తెలిసి యుండవలెననియు, దానికి ఎనిమిది తొమ్మిది వేల పదకుటుంబములు కావలెననియు 2006 లో తేల్చెను.

ఈ లెక్కలను బెంగళూరు విద్యార్థికి అన్వయించి చూచినచో ఒక విచిత్రము బయటపడును. ఆంగ్లమాధ్యమమున చదివిన మనవానికి మొదటి మెట్టు, అనగా వెస్టు పదములు, వచ్చియే యుండును. శిక్షణాలయమున చేరినంతనే అతడు మూడవ మెట్టునకు, అనగా గ్రంథములలో సైతము అరుదుగా దొరకు పదములయొద్దకు, దుముకును. నడుమ నున్న 570 కుటుంబములను ఎరిగినవియే యని విడిచిపెట్టును. అవి అతనికి ఎరిగినట్లుండునే గాని నిర్దుష్టముగా ఎరిగినవి కావు. 'ఇంప్లై' యనునది చెప్పువాని క్రియ, 'ఇన్‌ఫర్' అనునది వినువాని క్రియ యను భేదము తెలియనివాడు, వెయ్యి అపూర్వపదములను కంఠస్థము చేసినను పఠనఖండికయందు తప్పక తొట్రుపడును. జీ.ఆర్.ఈ. ఖండికలు కఠినములని వగచువారిలో పెక్కుమంది కష్టము ఈ మధ్యశ్రేణి పదములయందే కలదు; కాని వారు దానిని అపూర్వపదములయందు వెదకుచున్నారు.

ఇక మాతృభాష సంగతి. ఉన్నతాంగ్ల పదజాలమును నేర్చువారిలో ఫ్రెంచి భాషీయులకు గల సౌలభ్యము మరెవ్వరికిని లేదు. 1066 లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట తరతరములపాటు రాజసభయందును న్యాయస్థానములయందును ఫ్రెంచియే చెల్లుబడి యగుటచేత, ఆంగ్లము తన శిష్టపదములలో పెక్కింటిని ఆ భాషనుండి కైకొనెను. ఫింకెన్‌స్టెట్, వోల్ఫ్ అను పండితులు 1973 లో సుమారు 80,000 పదములను పరిశీలించి, నూటికి 28 కి పైగా ఫ్రెంచినుండియు, దాదాపు అన్నియే లాటినునుండియు వచ్చినవని లెక్కగట్టిరి. కావున పారిస్ విద్యార్థికి మనము చూచి గడగడలాడు పదములు ఇంటి చుట్టములవలె నగపడును. అయితే చుట్టరికము మోసముచేయుటయు కలదు. రూపమున ఒక్కటై అర్థమున వేరైన ఇట్టి పదములకు 'కపటమిత్రము'లని అర్థమిచ్చు పేరును కోస్లర్, దెరొకిన్యీ అను ఫ్రెంచి విద్వాంసులు 1928 లో పెట్టిరి. ఫ్రెంచిలో 'లిబ్రెరీ' పుస్తకముల దుకాణము, గ్రంథాలయము కాదు. 'సాంసిబ్ల్' అనగా సుకుమారస్వభావుడు, వివేకవంతుడు కాడు. తెలిసిన ముఖమును చూచి విచారింపక విశ్వసించినవాడు పరీక్షయందు ఈ పదములవలననే దెబ్బతినును.

తెలుగువానికి ఇట్టి యనుభవము క్రొత్తది కాదు. బెంగళూరున నివసించు ప్రతి తెలుగువాడును కన్నడ పత్రికను చదువుటయందు ఫ్రెంచివాని సౌలభ్యమును, ఫ్రెంచివాని ప్రమాదమును నిత్యమును పొందుచునే యున్నాడు. తత్సమపదములు రెండు భాషలకు ఉమ్మడిసొత్తు గనుక సంపాదకీయమును సగము సుఖముగా గ్రహించును. కాని కన్నడమున 'అవసర' మనగా తొందర యని తెలియక, తన భాషలోని 'అవసర'మును అందు ఆరోపించి తడబడును. అట్లే హిందీ 'శిక్ష' విద్య యగుటయు, హిందీ 'ఉపన్యాసము' నవల యగుటయు మనమెరిగినవే. ఈ జాగరూకత నలవరచుకొన్నవానికి పదము యొక్క రూపమును అర్థమును వేరువేరుగా పరీక్షించు వివేకము ముందే సిద్ధమై యుండును.

ఆంగ్లముతో మనకు అట్టి చుట్టరికము లేదు కదా యని కొందరందురు. ప్రత్యక్షముగా లేకున్నను సంస్కృతముద్వారా దూరబంధుత్వమొకటి కలదు. సంస్కృత గ్రీకు లాటిను భాషలు ఒక్క మూలమునుండి పుట్టి యుండవలెనని 1786 లో కలకత్తాయందు విలియమ్ జోన్స్ ప్రకటించిన నాటినుండి 'డెంటల్' అనుదానియందు దంతమును, 'ఇగ్నైట్' అనుదానియందు అగ్నిని, 'మోర్టల్' అనుదానియందు మర్త్యుని చూచుట విద్వాంసులకు పరిపాటి. ఇవి చెవికి ఇంపైనవే గాని కొన్నియే. నేను ఇంతకంటె నమ్మదగినదిగా నెంచునది పదనిర్మాణవిధానము. సంస్కృతమున 'నీ' ధాతువునకు తీసికొనిపోవుట యని అర్థము. ఉపసర్గ మారినకొలది అది ప్రణయము, పరిణయము, వినయము, అభినయము, నిర్ణయము అగుచున్నది. లాటినున 'డూకెరె' యను ధాతువునకును సరిగా అదియే యర్థము. ఉపసర్గ మారినకొలది ఆంగ్లమున 'ఇండ్యూస్', 'డిడ్యూస్', 'రెడ్యూస్', 'సెడ్యూస్' అగుచున్నది. ఒక ధాతువు పలు ఉపసర్గలతో గూడి పలు భావములను ప్రసవించుటను చిన్ననాటనే తన భాషలో చూచినవానికి ఆంగ్లమున అది వింత గాదు.

ఇంకొక ఉదాహరణము. మహా యనుపదమును ఆత్మ యనుపదమును కూర్చి మనము మహాత్ముడన్నట్లే, లాటినువారు అవే యర్థములుగల రెండు పదములను కూర్చినదే 'మ్యాగ్నానిమస్'. సమచిత్తతయే 'ఇక్వానిమిటీ'; అందరి చిత్తము ఏకమగుటయే 'యునానిమస్'; అల్పమైన గుండెయే 'ప్యూసిలానిమస్'. ఈ నాలుగింటిని నాలుగు పుటలలో నాలుగు వేరు పదములుగా వల్లించుట కష్టము. చిత్తమను ఒక్క కేంద్రము చుట్టు నిలిపి చూచువానికి నాలుగును ఒక్క సాయంకాలమున స్వాధీనమగును. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. సమచిత్తత యనగా నేమో ముందే తెలిసినవానికి ఆంగ్లపదము ఒక పేరు మాత్రమే. అది తెలియనివానికి పేరును క్రొత్తది, వస్తువును క్రొత్తది. ఫ్రెంచి విద్యార్థి యొక్క నిజమైన భాగ్యము అక్షరసామ్యము కాదు. తన భాషలోని శిష్టపదములను పాఠశాలలో శ్రద్ధగా చదివి యుండుటచేత, ఆ భావములన్నియు అతని మనస్సున ముందే నెలకొని యుండుట.

మన దౌర్భాగ్యము ఇక్కడనే యున్నది. తెలుగు రాష్ట్రములనుండి బెంగళూరునకు వచ్చు విద్యార్థులలో అనేకులు పదవ తరగతితో తెలుగును విడిచి, మార్కులు సులభముగా వచ్చునను ఆశతో ఇంటర్మీడియెట్టున సంస్కృతమును ద్వితీయభాషగా గైకొని, రెండేండ్లు చదివిరన్న మాటయే గాని ఒక్క ధాతువును గాని ఒక్క ఉపసర్గను గాని ఎరుగక వెలుపలికి వచ్చుచున్నారు. ఇచ్చటనే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు ఇంటిభాషయందు కూరగాయల పేర్లును బంధువుల పిలుపులును తెలియునే గాని లిపి సైతము తెలియదు. ఔదార్యము, సందిగ్ధత, నిర్లిప్తత, దురభిమానము వంటి మాటలకు వీరి తెలుగున స్థానము లేదు. అట్టివాడు 'ఇక్వివొకల్' అను పదమునకు ఎదురుగా నున్న ఆంగ్ల వివరణమును ఎన్నిమారులు చదివినను, ఆ వివరణములోని పదములును సగము తెలియనివే యగుటచేత, జ్ఞానము ఎక్కడను నిలుచుట లేదు. ఆంగ్లమున వెనుకబడినాడని మనము అతని నాక్షేపించుచున్నాము గాని, నిజమునకు అతడు భాషయందే వెనుకబడినాడు. తెలుగు తగ్గించినచో ఆంగ్లము పెరుగునను నమ్మకము ఈ పరీక్షలయందు ప్రతి సంవత్సరము భంగపడుచున్నను, తలిదండ్రులు దానిని విడువకుండుట నాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది.

ఒక్క విషయమున ఫ్రెంచివాడును తెలుగువాడును సమానముగా కష్టపడుదురు. 'పుట్', 'గెట్', 'టేక్' వంటి పొట్టి క్రియలు పొట్టి యవ్యయములతో గూడి ధరించు అర్థములు పట్టికలకు లొంగవు. మన భాషలో మాట ఇచ్చుట, మాట తప్పుట, మాట పడుట, మాట వచ్చుట అనువానిలో అర్థములు ఏ సూత్రముచేతను తెలియరానట్లే అవియును విని, చదివి తెలిసికొనవలసినవే.

జ్ఞాపకమును గూర్చిన పద్ధతులు వేరొక శాఖ. మరపు మొదట వేగముగాను పిదప మెల్లగాను పనిచేయునని హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885 లో ప్రయోగపూర్వకముగ చూపిన నాటినుండి, నేర్చినదానిని క్రమముగా ఎడము పెంచుచు మరల చూచుట శ్రేష్ఠమని స్థిరపడినది. 1972 లో జర్మనుడైన లైట్నర్ దీనిని అట్టపెట్టెలోని చీటీలతో సాధించెను. 2006 లో వెలసిన ఆంకి యను ఉచిత సాధనము దానినే కంప్యూటరునకు ఎక్కించినది. దీని ఉపయోగమును నేను సందేహింపను. కాని చీటీకి ఒక వైపు పదమును, మరొక వైపు ఒంటి సమానార్థకమును వ్రాసినచో, ఎంత క్రమముగా చూచినను 2011 నకు పూర్వపు పరీక్షకే సిద్ధమైనట్లగును. ఒక వైపున పూర్తి వాక్యమును వ్రాసి అందు ఖాళీ నుంచినప్పుడే నేటి పరీక్షకు తగిన అభ్యాసము. ధ్వనిసామ్యముతో జ్ఞాపకముంచుకొను ఉపాయమును 1975 లో ఆట్కిన్‌సన్, రా అను శాస్త్రజ్ఞులు రష్యను పదములపై పరీక్షించి సఫలమని చూపిరి. మన యువకులును దానిని స్వయముగా కల్పించుకొనుచున్నారు. 'మొరోస్' అనగానే తెలుగు 'మొర'ను తలచుకొనుట సులువే. అయితే మొర పెట్టుకొనువాడు నోరు తెరచువాడు, 'మొరోస్' అయినవాడు నోరు మూసికొని ముఖము ముడుచుకొనువాడు. ఇట్టి ఊతకర్ర మొదటి దినమున నిలుపును. దానిని విడువనివాని నడక వంకరపోవును.

ఈ చర్చలో బెంగళూరునకు ప్రపంచప్రసిద్ధమైన స్థానమొకటి కలదని ఇచ్చటి విద్యార్థులలో తెలిసినవారు అరుదు. దక్షిణదేశపు ఉపాధ్యాయులకు ఆంగ్లబోధనమున శిక్షణ నిచ్చుటకు 1963 లో నెలకొల్పబడి నేడు జ్ఞానభారతి ప్రాంగణమున నున్న ప్రాంతీయ ఆంగ్లవిద్యాసంస్థ కేంద్రముగా, ఎన్.ఎస్. ప్రభు నాయకత్వమున 1979 మొదలు 1984 వరకు దక్షిణభారతమున కొన్ని పాఠశాలలలో ఒక ప్రయోగము జరిగెను. భాషారూపమును ప్రత్యేకించి బోధింపక, రైళ్ళ వేళల పట్టికను చూచి ప్రయాణమును నిర్ణయించుట, పటమును చూచి దారి చెప్పుట వంటి పనులను ఆంగ్లమున చేయించినచో, బుద్ధి అర్థముపై లగ్నమై యున్నప్పుడే భాష తనంతట లోపల కుదురుకొనునని ఆ ప్రయోగము యొక్క ప్రతిజ్ఞ. 1985 లో వెలువడిన మూల్యాంకనమున, ఏ పద్ధతివారు తమ పద్ధతికి సరిపోవు పరీక్షలలో ముందుండినను, తటస్థమైన పరీక్షలలో ఈ పిల్లలకే కొంత మొగ్గు కనబడినది. 1987 లో ప్రభు దానిని గ్రంథముగా ప్రకటించిన పిమ్మట 'బెంగళూరు ప్రణాళిక' యను పేరు అన్ని ఖండముల భాషాబోధకులకు పరిచితమైనది. అది పాఠశాల బాలుర వ్యాకరణమునకై ఉద్దేశింపబడినదే గాని పరీక్షార్థుల పదజాలమునకై కాదు. అయినను, ఒక వాదమును పరీక్షించుటకై, ఒక లెక్కను సరిచూచుటకై, ఒక తీర్పును ఒప్పుకొనుటకో నిరాకరించుటకో చదివినప్పుడు వచ్చిన పదము, పట్టికలో చూచిన పదముకంటె గట్టిగా నాటుకొనునని అది మనకు సూచించుచున్నది. ఈ ప్రయోగము పుట్టిన ఊరిలోనే, గోడలనిండ పదపట్టికలంటించిన గదులు ఇన్ని వెలయుట విచారకరము.

చదువుటకు సామగ్రి ఈ నగరమున కొరవడలేదు. కబ్బన్ పార్కున శేషాద్రి అయ్యరు స్మారకభవనములోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమున ఎవరైనను కూర్చుండి చదువుకొనవచ్చును. బసవనగుడిలో 1945 లో స్థాపింపబడిన ప్రపంచ సంస్కృతి సంస్థ గ్రంథాలయము అట్టిదే. చర్చి స్ట్రీటు దుకాణములలో మంచి వ్యాసగ్రంథములు సగము వెలకు దొరకును. నిజమైన కొరత నిఘంటువుది. బ్రౌనుదొర 1852 లో ప్రకటించిన నిఘంటువును, 1991 లో గ్విన్ వెలువరించినదియు తెలుగునుండి ఆంగ్లమునకు పోవునవి. ఆంగ్లమునుండి తెలుగునకు వచ్చుటకు చిరకాలముగా మన యిండ్లలో నున్న శంకరనారాయణ నిఘంటువు ఒక పదమునకు ఐదారు తెలుగు పదములను వరుసగా నిచ్చునే గాని, ఆ పదము ఏ పదముల సరసన కూర్చుండును, నిందార్థమున వాడుదురా స్తుత్యర్థమున వాడుదురా, తీవ్రత యెంత, అను విషయముల జోలికి పోదు. అవి అడుగని కాలమున పుట్టినది గనుక దానిది తప్పు కాదు. నేటి పరీక్ష అడుగునది సరిగా అదియే. వయాలికావలున తెలుగు విజ్ఞాన సమితి వంటి సంస్థలు, ఆంగ్లోపాధ్యాయులను తెలుగు పండితులను ఒక బల్లయొద్ద కూర్చుండబెట్టి, కాక్స్‌హెడ్ వేరుచేసిన 570 కుటుంబములతో మొదలుపెట్టి, ఒక్కొక్కదానికి ధాతువును, ఉపసర్గను, తత్సమములలో దానికి దీటైన మాటను, రెండు మూడు మంచి వాక్యములను, సాహచర్యముగా వచ్చు పదములను, మనవారు చేయు తప్పును చేర్చి ఒక చిన్న పుస్తకము వేయించినచో, దానికి మూడువందల పుటలు చాలును. తెలుగు లిపి రాని బెంగళూరు పిల్లల కొరకు అదే పుస్తకమును కన్నడ లిపిలోను అచ్చువేయింపవచ్చును.